లేబుల్ మీద పట్టనిది

ఫిబ్రవరి. త్రోదోస్ కొండ భుజం మీద ఇంకా మంచు.
సముద్రానికి పదకొండు వందల మీటర్ల పైన
మా నేలమాళిగ.
మెట్లు దిగుతుంటే ముందు చలి తగులుతుంది,
ఆ తర్వాతే వాసన:
తడిసిన రాయి, పాత కట్టె,
నిరుడు చిదిమిన నలుపు.

హంబీస్ మామయ్య గాజు గొట్టంతో
ఒక్కో పీపాలోంచి కాస్త కాస్త లాగుతాడు.
మరాథెఫ్తికో డెబ్బై పాళ్లు.
మావ్రో ఇరవై.
మిగతా పది ఏమిటన్నది
ఏటా వాళ్లిద్దరి పోట్లాట.
"షిరాజ్ పొయ్యి, పట్నం వాళ్లు మెచ్చుకుంటారు."
థియోగ్నోసియా అత్త జవాబివ్వదు.
గుక్కెడు నాలుక మీద నిలుపుకుని
గోడకేసి చూస్తుంది,
గోడ ఏదో చెప్పబోతున్నట్టు.
"వగరు," అంటుంది ఎంతసేపటికో.
మా ఇంట్లో అది తిట్టు కాదు.

నా పని లేబుళ్లు.
రకాలు, పాళ్లు, సంవత్సరం, కొండ ఎత్తు.
ఒక బ్రష్షు, ఒక డబ్బా జిగురు,
నాలుగంగుళాల కాగితం.
"అన్నీ పట్టాయా అందులో?"
పట్టాయన్నాను.
అప్పుడు నవ్వి, ఆ సంగతి ఎత్తింది.

ఆమె ఈ ఇంటికి కొత్తగా వచ్చిన ఏడు
కొత్త బూట్లతో ఒక ఆఫీసరు వచ్చి
మెట్టు మెట్టుకీ తోట కొలిచాడట.
"నల్ల తీగల మధ్య ఈ తెల్ల తీగలేమిటి?
ముట్టుకుంటే పగిలే పండు,
నీళ్ల రసం, రేటు లేదు. పీకించండి."
ముసలి లోయిజోస్ పీకించాడు.
ఆ చలికాలమంతా పొయ్యిలో
స్పూర్తికో మొద్దులే.
మంట మాత్రం బాగా వచ్చేది, అంది.

మే నెలలో మరాథెఫ్తికో విరగబూసింది.
పూత నిలవలేదు.
రాతిగట్ల మీద ఆకుపచ్చ పొడి,
చీమలు మోసుకుపోయినంత మోసుకుపోయాయి.
గుత్తికి ఏడు పండ్లు, మహా అయితే ఎనిమిది,
పళ్లూడిన నోళ్లలా వేలాడాయి.
గంధకం చల్లారు.
చర్చి నుంచి గురువొచ్చి నీళ్లు చిలకరించాడు.
మరుసటేడూ అంతే.

మూడో ఏడు ఎవరికీ చెప్పకుండా
బస్సెక్కి లోయ అవతలి పుట్టింటికి పోయింది.
అక్కడ గొర్రెల దొడ్డి వెనక
ఎవరూ పీకని స్పూర్తికో ఒకటుంది.
పూసిన కొమ్మలు కోసి
పాల క్యాన్లలో నీళ్లు పోసి గుచ్చి
ఒకటి ఒళ్లో, రెండు కాళ్ల మధ్య,
మలుపు మలుపుకీ గౌను తడుపుకుంటూ తిరిగొచ్చింది.
బస్సులో వాళ్లు ఏ పెళ్లికో పూలనుకున్నారట.
ఆవగింజంత పూలతో
ఎవడి పెళ్లిరా, అంది.

"మరాథెఫ్తికోకి తనంతట తాను కాయడం రాదు.
ఉత్త ఆడపువ్వు.
పక్కన ఎవడో ఒకడుండాలి,
ఎంత పనికిమాలినవాడైనా సరే."
పీపా వెనక మామయ్య దగ్గాడు.

వరసల నడుమ క్యాన్లు పెట్టి
గాలి కోసం కూర్చుంది.
మొదటి రోజు ఆకు కదల్లేదు.
రెండో రోజు మధ్యాహ్నం దాటాక
సముద్రం వైపు నుంచి ఆయాసపడుతూ ఎక్కొచ్చింది,
దారిలో మేకలనీ దుమ్మునీ పలకరించి.
ఆ సెప్టెంబరులో
కత్తెర పెట్టడానికి సందు లేనంత గుత్తి.
ముసలాయన ఒక్క మాటా అనలేదు.
చలి మొదలవగానే పార తీసి
పీకించిన చోటల్లా మళ్లీ గుంతలు తవ్వాడు.

ఇవాళ చివరికి షిరాజ్ ఐదు,
మావ్రో ఇరవై ఐదు.
ఇద్దరూ సగం సగం ఓడిపోయారు.
గ్లాసు నా చేతికొచ్చింది.
నల్ల చెర్రీ, కాస్త పొగ,
చిగుళ్లని పట్టుకుని వదలని ఆ వగరు.
ఇంకో గుక్క అడిగితే
ముందు పని చూడమన్నారు.

డెబ్బై, ఇరవై ఐదు, ఐదు.
నూరుకి నూరు, కూడిక సరిపోయింది.
మొదటి సీసా మీద కాగితాన్ని
బొటనవేలితో నొక్కుతున్నాను,
పైన ఎవరో తలుపు తీశారు.
గాలి మెట్లన్నీ దిగొచ్చి
అంటించని లేబుళ్లు నేలంతా పరిచింది.
మోకాళ్ల మీద కూర్చుని ఏరుకుంటున్నాను.
అత్త సాయానికి రాలేదు.